మైనస్ 20 దగ్గర వినబడాలంటే: తెనాలి మేడ మీద ఎఫ్‌టీ8 డైరీ

అక్టోబరు 27, 2024, ఆదివారం

హ్యామ్ లైసెన్సు, అంటే సరదాకి సొంత రేడియో నడుపుకునే అనుమతి, చేతికొచ్చి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళూ నా రేడియో పొద్దున్నే 40 మీటర్ల బ్యాండ్‌లో చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ మిత్రులతో కబుర్లకే సరిపోయింది. దూరదేశాలు అందుకోవాలని ఎప్పట్నుంచో కోరిక. కానీ గొంతుతో అందుకోవడానికి నా 10 వాట్లు చాలడం లేదు. అవతలి మనిషికి నా కాల్‌సైన్‌లో (లైసెన్సుతో వచ్చే గుర్తింపు అక్షరాలు) రెండక్షరాలు అందుతాయి, మూడోది గోలలో కలిసిపోతుంది. మళ్ళీ చెప్తే ఈసారి మొదటిది పోతుంది. అలా మూడు నిమిషాలు అరిచేసరికి బ్యాండ్ మూసుకుపోతుంది.

అందుకే ఈ దీపావళి సెలవుల్లో ఎఫ్‌టీ8 మొదలుపెడుతున్నాను. ఇందులో మాట ఉండదు. కంప్యూటర్ ఒక చిన్న సందేశాన్ని ఎనిమిది రకాల స్వరాల వరసగా మార్చి రేడియోకి ఇస్తుంది. స్వరానికీ స్వరానికీ మధ్య 6.25 హెర్ట్జ్ తేడా, ఒక్కో స్వరం 160 మిల్లీసెకన్లు. మొత్తం 79 స్వరాలు, 12.64 సెకన్లలో పాట అయిపోతుంది. ప్రపంచమంతా గడియారంలో 0, 15, 30, 45 సెకన్ల దగ్గర వంతులవారీగా పంపుతారు, వింటారు. ఒకరు ఒక వంతు తీసుకుంటే అవతలివారు తర్వాతి వంతులో జవాబిస్తారు. ఒక్కో సిగ్నల్ బ్యాండ్‌లో తీసుకునే జాగా 50 హెర్ట్జ్ మాత్రమే. మనిషి గొంతు తీసుకునే చోటులో యాభై మంది సర్దుకుపోవచ్చు.

నా దగ్గరున్న సరంజామా ఇది. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ (వీయూ2ఈఎస్ఈ) డిజైన్ చేసిన మైక్రో బిట్‌ఎక్స్ రేడియో, 12 వోల్ట్ల బ్యాటరీ, కాలేజీలో పాతబడిందని పక్కన పెడితే కొనుక్కున్న ల్యాప్‌టాప్, ఎఫ్‌టీ8ని నడిపే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సాఫ్ట్‌వేర్. ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, సోర్సు కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. రేడియో మన దగ్గర పుట్టింది, సర్క్యూట్ మొత్తం కాగితం మీద కనబడుతుంది, పాడైతే నేనే బాగుచేసుకోగలను. ఇంతకంటే ఖరీదైన సెట్టు కొనే ఆలోచన నాకు లేదు.

అక్టోబరు 30, బుధవారం

రెండు రోజులు యాంటెన్నాకే పోయాయి. 20 మీటర్ల బ్యాండ్‌కి హాఫ్‌వేవ్ డైపోల్ కట్టాను, అంటే మధ్యలో కేబుల్ తగిలించిన రెండు చేతుల తీగ. లెక్క తేలిక: 143ని మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే పొడవు మీటర్లలో వస్తుంది. ఈ బ్యాండ్‌లో ఎఫ్‌టీ8 నడిచే 14.074కి 10.16 మీటర్లు, అంటే ఒక్కో చేయి 5.08. ఇంటి వైరింగ్‌కి వాడే ఒకటిన్నర ఎస్‌క్యూ ఎంఎం తీగే తీసుకున్నాను. మేడ మీద నాలుగు మీటర్ల జీఐ పైపు నిలబెట్టి, దాని కొసన మధ్యభాగం కట్టి, రెండు చేతులూ పిట్టగోడ వైపు వాలుగా దించాను. ఇన్సులేటర్లకు పీవీసీ పైపు ముక్కలు. నేల నుంచి కొస దాకా సుమారు 11 మీటర్ల ఎత్తు. ఈ బ్యాండ్‌కి అది మంచి ఎత్తే.

నానోవీఎన్ఏ (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) పెట్టి చూస్తే రెజొనెన్స్, అంటే తీగ బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీ, 13.75 దగ్గర ఉంది. ప్లాస్టిక్ తొడుగున్న తీగ లెక్కకంటే పొడుగ్గా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది, తెలిసిన సంగతే. ఒక్కో వైపు 12 సెంటీమీటర్లు కత్తిరించాను. తీగ కత్తిరించడం తేలికే కానీ మళ్ళీ అతికించలేం, కాబట్టి మూడుసార్లుగా, నాలుగేసి సెంటీమీటర్లు చొప్పున కోశాను. ఇప్పుడు 14.08 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.3 (1 అయితే పవర్ ఏమీ వెనక్కి రానట్టు). చాలు.

నవంబరు 3, ఆదివారం

ఈ రోజంతా కంప్యూటర్‌కీ రేడియోకీ పెళ్ళి చేయడంతో గడిచింది.

మైక్రో బిట్‌ఎక్స్ లోపలున్న ఆర్డుయినో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, కంప్యూటర్‌తో మాట్లాడేటప్పుడు తాను యాయెసూ కంపెనీ ఎఫ్‌టీ-817 రేడియో అన్నట్టు జవాబిస్తుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో రేడియో పేరు ఎఫ్‌టీ-817 అనే ఎంచుకోవాలి, వేగం 38400. అలా పెట్టగానే ఫ్రీక్వెన్సీ మార్పిడి, ట్రాన్స్‌మిట్ మీట రెండూ యూఎస్‌బీ తీగ మీదే నడిచాయి. సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడల్లా ఆర్డుయినో ఒకసారి రీసెట్ అవుతుంది. రెండు సెకన్లు ఆగితే సర్దుకుంటుంది.

ఆడియో దగ్గర ఇంకాస్త శ్రమ. ఈ రేడియోలో సౌండ్ కార్డు లేదు, అందుకని చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టాను. దాని హెడ్‌ఫోన్ నుంచి వచ్చే సిగ్నల్ మైకు జాక్‌కి చాలా ఎక్కువ. పది కిలోఓమ్, ఒక కిలోఓమ్ రెసిస్టర్లతో తగ్గించి, మధ్యలో 600:600 ఓమ్‌ల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వేశాను. ట్రాన్స్‌ఫార్మర్ లేకముందు స్పీకర్లో 'బూ' అని కరెంటు గోల వినిపించేది. వేశాక మాయమైంది.

ఇన్ని చేసి సాయంత్రం 14.074 మెగాహెర్ట్జ్‌కి పెడితే వాటర్‌ఫాల్ (వచ్చే సిగ్నళ్ళను రంగుల్లో చూపే తెర) మీద సన్నటి నిలువు చారలు చక్కగా జారుతున్నాయి. కానీ ఒక్క సందేశమూ డీకోడ్ కాలేదు. అరగంట చూశాను. చారలు ఉన్నాయి, చెవికి ఈల కూడా వినబడుతోంది, తెర మాత్రం ఖాళీ.

తప్పు గడియారంలో ఉంది. ల్యాప్‌టాప్ టైము నా ఫోన్ కంటే దాదాపు నాలుగు సెకన్లు వెనక. వంతులన్నీ గడియారం మీద నడిచే పద్ధతిలో నాలుగు సెకన్లు అంటే రైలు వెళ్ళిపోయాక స్టేషన్‌కి వెళ్ళినట్టే. ల్యాప్‌టాప్ లోపలి బటన్ సెల్ చచ్చిపోయింది. సీఆర్2032 సెల్ మార్చి, ఇంటర్నెట్ నుంచి కొన్ని నిమిషాలకోసారి టైము సరిచేసే ప్రోగ్రాం వేశాను. మరుసటి వంతులోనే తెర మీద అక్షరాలు వచ్చాయి. సైప్రస్, ఇండోనేషియా, రష్యా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు డీటీ అనే గడిని చూడటం అలవాటు చేసుకోవాలి. అవతలి స్టేషన్ వంతుకీ మన గడియారానికీ ఎన్ని సెకన్ల తేడా ఉందో అది చెబుతుంది. ఒక్కరిది 1.5 ఉంటే తప్పు వాళ్ళది. అందరిదీ 1.5 ఉంటే తప్పు మనది. ఒక సెకను లోపు ఉంటే నిశ్చింత.

నవంబరు 4, సోమవారం

కాలేజీ నుంచి రాగానే మొదటిసారి ట్రాన్స్‌మిట్ చేశాను. 5 వాట్లు. సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు), నా కాల్‌సైన్, ఎన్‌కే06. ఆ చివరి నాలుగూ మన ఊరి గ్రిడ్. భూగోళాన్ని గళ్ళుగా విడగొట్టి ప్రతి గడికీ రెండక్షరాలు, రెండంకెలు ఇచ్చారు. తెనాలి, గుంటూరు, విజయవాడ మూడూ ఎన్‌కే06లోనే పడతాయి. హైదరాబాద్, వరంగల్ ఎంకే97, విశాఖ ఎన్‌కే17. ఎం, ఎన్ అక్షరాల సరిహద్దు 80 డిగ్రీల రేఖాంశం. నెల్లూరు ఊరు దాదాపు ఆ గీత మీదే ఉంటుంది.

పది నిమిషాలు పిలిచాను. ఎవరూ జవాబివ్వలేదు. మనసు చివుక్కుమంది. అప్పుడు పీఎస్‌కే రిపోర్టర్ మ్యాప్ తెరిచాను. ప్రపంచంలో ఏ కంప్యూటర్ ఏ సిగ్నల్ విన్నదో అందులో తెలుస్తుంది. నా కాల్‌సైన్ కొట్టగానే మ్యాప్ నిండా చుక్కలు. జపాన్, ఆస్ట్రేలియా, ఇటలీ, ఫిన్లాండ్, దక్షిణాఫ్రికా. మొత్తం 43 స్టేషన్లు నన్ను విన్నాయి. ఇటలీలో ఒకరికి నేను మైనస్ 11 డీబీతో వినబడ్డాను (గోలతో పోలిస్తే సిగ్నల్ బలమెంతో చెప్పే లెక్క). అది చాలా మంచి రిపోర్టు.

నా తెర మీద మాత్రం ఒక్కో వంతులో మూడో నాలుగో స్టేషన్లు.

అంటే వాళ్ళకు నేను వినబడుతున్నాను. బహుశా వాళ్ళు జవాబు కూడా ఇచ్చి ఉంటారు, నాకే వినబడలేదు. నోరు బాగానే ఉంది, చెవికే వచ్చింది ఇబ్బంది. ఈ మ్యాప్ చూడకపోయి ఉంటే రేపే యాంప్లిఫయర్ కోసం వెతుకులాట మొదలుపెట్టేవాణ్ణి. చాలామంది అక్కడే తప్పుదారి పడతారని నాకు గట్టిగా అనిపిస్తోంది. జవాబు రాకపోతే పవర్ పెంచుతారు. పవర్ పెంచితే ఇంకా దూరం వినబడతాం కానీ, మనకు వినబడేది ఒక్క అంగుళం కూడా పెరగదు.

నవంబరు 6, బుధవారం

స్టాఫ్ రూములో తెలుగు మాస్టారు అడిగారు: "గోలలో వంద భాగాలుంటే సిగ్నల్ ఒక భాగం అంటున్నారు. మరి దాన్ని ఎలా చదువుతుందండీ మీ యంత్రం?"

మైనస్ 20 డీబీ అంటే అదే లెక్క. 2500 హెర్ట్జ్ వెడల్పులో ఉన్న గోలతో పోలిస్తే సిగ్నల్ నూరో వంతు. ఎఫ్‌టీ8 ఆ ప్రాంతం దాకా చదువుతుంది. ఎలా అంటే, అసలు సందేశం 77 బిట్లే. రెండు కాల్‌సైన్లు, ఒక గ్రిడ్ లేదా రిపోర్టు, అంతే పడుతుంది. దానికి సరిచూసుకోవడానికి 14 బిట్లు కలిపి, ఆపైన తప్పులు దిద్దుకోవడానికి మరో 83 బిట్లు కలిపి మొత్తం 174 చేస్తారు. ఆ అదనపు బిట్లు ఒకదానితో ఒకటి నియమాలతో ముడిపడి ఉంటాయి. గోలలో కొన్ని కొట్టుకుపోయినా మిగిలినవాటి నియమాలను బట్టి పోయినవేవో తేల్చవచ్చు. ఇవి కాక మొదట్లో, మధ్యలో, చివర్లో ఏడేసి స్వరాల ఒకే వరస వస్తుంది. సిగ్నల్ ఎక్కడ మొదలైందో దాన్ని బట్టి పట్టుకుంటుంది.

మాస్టారు కాసేపు ఆలోచించి అన్నారు: "అయితే చెదలు తిన్న తాళపత్రంలో పద్యం పూరించినట్టేనండీ. ఉత్పలమాల అని తెలిస్తే గణాలు భరనభభరవ, యతి పదో అక్షరం దగ్గర, ప్రాస రెండో అక్షరం. మూడక్షరాలు పోయినా అక్కడ ఏవి పడతాయో, ఏవి పడవో తెలిసిపోతుంది."

ఇంత చక్కటి పోలిక నాకు ఎప్పుడూ తట్టలేదు. రేపు సెకండియర్ పిల్లలకు ఇదే చెబుతాను.

దీన్ని తయారుచేసినవారి కథ కూడా వాళ్ళకు చెప్పాలి. జో టేలర్ ఖగోళ శాస్త్రవేత్త. రస్సెల్ హల్స్‌తో కలిసి 1974లో జంట పల్సార్‌ను (క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రం, మరో నక్షత్రంతో జతగా తిరిగేది) కనిపెట్టి, 1993లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నారు. ఆయన హ్యామ్ కూడా, కాల్‌సైన్ కే1జేటీ. 2001లో డబ్ల్యూఎస్‌జేటీ మొదటిసారి విడుదల చేశారు. ఎఫ్‌టీ8 ఆయనా, స్టీవ్ ఫ్రాంకే కలిసి చేసి 2017లో బయటపెట్టారు. ఎఫ్ అంటే ఫ్రాంకే, టీ అంటే టేలర్, 8 అంటే ఎనిమిది స్వరాలు. ఆకాశంలోంచి వచ్చే అతి బలహీనమైన సంకేతాలను వెతికిన మనిషి, ఆ ఓపికనే మా మేడల మీద తీగల్లోకి తెచ్చారు. ఆయనంటే నాకు గౌరవం.

నవంబరు 9, రెండో శనివారం

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇవాళ పట్టుకోవాలనే కూర్చున్నాను.

పద్ధతి ఇది. రేడియో బ్యాటరీ మీద, ల్యాప్‌టాప్ దాని సొంత బ్యాటరీ మీద. వాల్యూమ్ ఒకచోట పెట్టి ముట్టుకోను. సాఫ్ట్‌వేర్ ఎడమ మూల ఉండే ఆకుపచ్చ గీత గోల ఎంతుందో డీబీల్లో చూపిస్తుంది. మామూలుగా ఉన్నప్పుడు 47. ఇప్పుడు ఇంటి మెయిన్ స్విచ్ దించితే ఎంతకు పడుతుందో చూడాలి.

దించాను. గీత తగ్గలేదు సరికదా 51కి లేచింది. వాటర్‌ఫాల్ అంతా పసుపు రంగు. మెయిన్ దింపితే గోల పెరగడమేమిటని అయిదు నిమిషాలు అర్థం కాలేదు. వంటింట్లో ఫ్యాను తిరుగుతోందని మా ఆవిడ కేకేశాక తెలిసింది. మెయిన్ పోగానే ఇన్వర్టర్ అందుకుంది. మా పాత ఇన్వర్టర్ ఇచ్చేది శుద్ధమైన సైన్ వేవ్ కాదు, మెట్లుమెట్లుగా ఉండే కరెంటు. ఆ అంచుల్లోంచి పుట్టే గోల షార్ట్‌వేవ్ అంతా పరుచుకుంటుంది. ఇన్వర్టర్ కూడా ఆపి, మెయిన్ దించితే 38.

47 నుంచి 38. తొమ్మిది డీబీలు, అంటే గోల ఎనిమిదో వంతుకు పడింది. అదంతా నా ఇంట్లోనే పుడుతోంది.

ఇక ఒక్కొక్క ఎంసీబీ ఎత్తుతూ, ఒక్కొక్క ప్లగ్గు పెడుతూ పోయాం. మా అమ్మాయి కాగితం మీద రాసింది. ఫ్రిజ్: తేడా లేదు. పాత ట్యూబులైటు: వెలిగేటప్పుడు ఒక్క చిటపట, అంతే. హాల్లో ఎల్‌ఈడీ బల్బులు నాలుగు: మూడు నిశ్శబ్దం, ఒకటి 3 డీబీలు. మిక్సీ ఘోరం, కానీ అది రోజుకు పది నిమిషాలే. నీళ్ళ ఫిల్టర్ అడాప్టర్: 2 డీబీలు. వైఫై రౌటర్ అడాప్టర్ పెట్టగానే గీత ఒక్క గెంతు గెంతింది.

ఆ అడాప్టర్‌ను చేతిలో పెట్టుకుని చూశాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, ఈకలా తేలిగ్గా ఉంది. బరువు లేకపోవడమే దాని జాతకం. ఫిల్టర్‌కి పెట్టాల్సిన కాయిల్, కెపాసిటర్ అందులో లేవు. జేబు ట్రాన్సిస్టర్ రేడియోని మీడియం వేవ్‌లో ఖాళీ చోట పెట్టి దగ్గరకు తెస్తే అడుగున్నర దూరం నుంచే 'జుయ్య్' అని మొదలైంది. అడాప్టర్ నుంచి రౌటర్‌కి పోయే సన్న తీగ వెంబడి రేడియోని జరిపితే ఆ మోత తగ్గలేదు, తీగ పొడుగునా అలాగే ఉంది. అంటే ఆ మీటరున్నర తీగే దాని యాంటెన్నా. వాటర్‌ఫాల్ మీద ఇది సన్న గీతలా కాదు, తడి గోడ మీద చెమ్మలా మసకగా, వెడల్పుగా, మెల్లగా పక్కకు జారుతూ కనిపిస్తుంది. ఇకనుంచి ఎక్కడ చూసినా గుర్తుపడతాను.

నవంబరు 10, ఆదివారం

రౌటర్‌కి పాతకాలపు సప్లై కట్టాను. 15 వోల్ట్ల ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్, 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్, హీట్‌సింక్ మీద 7812 ఐసీ. బరువు ముప్పావు కిలో, చప్పుడు సున్నా. గోల చేసే ఎల్‌ఈడీ బల్బు తీసేశాను. ఫిల్టర్ అడాప్టర్ తీగను ఫెరైట్ రింగు (తీగలో గోలను అడ్డుకునే అయస్కాంత పదార్థం) చుట్టూ పది చుట్లు తిప్పాను. ఒకటి రెండు చుట్లు చుడితే షార్ట్‌వేవ్‌లో పెద్ద ప్రయోజనం ఉండదు, పదైనా ఉండాలి. ఇన్వర్టర్ మాత్రం మార్చలేను, రేడియో పెట్టినప్పుడు ఆపేస్తాను.

ఇంకొకటి. యాంటెన్నా నుంచి దిగే కోయాక్స్ కేబుల్ పై లోహపు తొడుగు కూడా ఒక తీగే. అది ఇంటి పక్కగా దిగుతూ గోడల్లో వైర్ల గోలను పీల్చుకుని మేడ మీద దాకా మోస్తుంది. యాంటెన్నా మధ్యలో ఒకచోట, గదిలోకి వచ్చే కిటికీ దగ్గర ఒకచోట, ఫెరైట్ రింగుల మీద కోయాక్స్‌నే పన్నెండు చుట్లు వేశాను.

సాయంత్రానికి అన్నీ ఆన్‌లో ఉండగానే 39. ఒక్కో వంతుకు పది పన్నెండు స్టేషన్లు.

నవంబరు 12, మంగళవారం

ఇంట్లో అన్నీ ఆపినా 38 దగ్గర ఉండిపోయిన గోల ఎవరిదో తేలింది. సాయంత్రం ఆరుంబావుకి మొదలై రాత్రి పదింటికి ఆగుతోంది. టైము చూస్తేనే మనిషి అలవాటని తెలుస్తోంది. ట్రాన్సిస్టర్ పట్టుకుని పిట్టగోడ వెంబడి నడిస్తే పక్కింటి వైపు మూలలో మోత పెరిగింది. కిందకి చూస్తే తులసికోట చుట్టూ మినుకు మినుకుమనే సీరియల్ లైట్లు.

వెళ్ళి అడిగాను. "పిన్నిగారూ, ఒక్క అయిదు నిమిషాలు ఆ సీరియల్ సెట్టు ఆపుతారా?"

"అదేంటయ్యా, కార్తీకమాసం పూట దీపాలు ఆపమంటావా?"

"దీపాలు కాదండీ, కరెంటు సెట్టు ఒక్కటే. ప్రమిదలు ఎన్నయినా వెలిగించుకోండి, వాటితో నా రేడియోకి ఏ ఇబ్బందీ లేదు."

ఆవిడ నవ్వి ప్లగ్గు తీశారు. మా అమ్మాయి మేడ మీంచి అరిచింది: "నాన్నా, ముప్ఫై మూడు!"

39 నుంచి 33. పిన్నిగారిని మేడ మీదకు తీసుకొచ్చి వాటర్‌ఫాల్ చూపించాను. ప్లగ్గు పెట్టించి, తీయించి, రెండుసార్లు చూపించాను. "ఈ నల్లటి చోట ఉన్న సన్న గీత జపాన్ నుంచి వస్తోందండీ, మీ లైట్లు పెడితే ఇది కనబడదు" అంటే ఆవిడ తెరకు దగ్గరగా వంగి చూశారు. "పాపం అంత దూరం నుంచి వస్తుంటే మనం అడ్డుపడటమెందుకు, దానికేదైనా చేసిపెట్టు" అన్నారు. సెట్టు తీగకు ఫెరైట్ రింగు చుట్టి ఇచ్చాను. ఇప్పుడు లైట్లు వెలుగుతున్నా 34 దాటదు. పౌర్ణమికి ఇంకో సెట్టు పెడుతున్నారట, దానికీ ఒక రింగు ముందే అడిగారు.

నవంబరు 17, ఆదివారం

సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు ఒక గంట. ఒక్కో వంతుకు 20 నుంచి 26 స్టేషన్లు డీకోడ్ అయ్యాయి. అదే తీగ, అదే రేడియో, అవే 5 వాట్లు. సీక్యూ పిలిచిన రెండో వంతుకే తెర మీద ఎర్ర గీత పడింది. ఎర్ర గీత అంటే ఎవరో నా కాల్‌సైన్‌తో పిలిచినట్టు. ఫిన్లాండ్, 6500 కిలోమీటర్ల పైమాట. నేను మైనస్ 16 అని పంపాను, వాళ్ళు మైనస్ 9 అన్నారు. ఆర్ఆర్73, 73. నిమిషంన్నరలో కలుసుకోవడం పూర్తయింది. గంటలో తొమ్మిది మంది.

ఆర్ఆర్73 గురించి ఒక ముచ్చట. "అందింది, నమస్కారం" అని చెప్పే ఈ నాలుగక్షరాలు గ్రిడ్ పేరుగా కూడా చెల్లుతాయి. ఆ గడి ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది. అక్కణ్ణించి ఎవరూ పిలవరు కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని నిశ్చింతగా వీడ్కోలుగా తీసుకుంటుంది.

నవంబరు 24, ఆదివారం

ఈ వారం నోటి సంగతి చూసుకున్నాను. నేను ఇంకొకరికి గోల కాకూడదు కదా.

పక్క గదిలో ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రిసీవర్) పెట్టి నా సిగ్నల్ నేనే చూసుకుంటే 700 హెర్ట్జ్ దగ్గర పంపినప్పుడు 1400 దగ్గర నీడలా మరో గీత. ఆడియో ఎక్కువైతే రెండో హార్మోనిక్ పుడుతుంది, అది కూడా గాల్లోకి పోయి ఇంకొకరి చోటు తినేస్తుంది. ఆడియో మోతాదు మించితే చెప్పే ఏఎల్‌సీ మీటరు ఈ రేడియోలో లేదు. అందుకని పవర్ మీటరు చూస్తూ స్లయిడర్‌ను కిందకు దించాను. పవర్ తగ్గడం మొదలైన చోటు నుంచి ఇంకొంచెం దించి అక్కడ వదిలేశాను. సెట్టింగుల్లో స్ప్లిట్ దగ్గర 'ఫేక్ ఇట్' కూడా ఎంచుకున్నాను. అప్పుడు సాఫ్ట్‌వేర్ ట్రాన్స్‌మిట్ చేసే ముందు రేడియో ఫ్రీక్వెన్సీని జరిపి, ఆడియోని ఎప్పుడూ 1500, 2000 మధ్యే ఉంచుతుంది. హార్మోనిక్ పుట్టినా 3000 పైన పడి రేడియో ఫిల్టర్‌లోనే ఆగిపోతుంది. నీడ మాయమైంది.

వేడి కూడా చూడాలి. మాట్లాడేటప్పుడు రేడియోకి మధ్యమధ్య ఊపిరి దొరుకుతుంది. ఎఫ్‌టీ8లో 12.64 సెకన్లు ఏకబిగిన పూర్తి పవర్. పవర్ ఇచ్చే ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టర్లు రెండూ పది నిమిషాల్లో వేలు పెట్టలేనంత కాలాయి. కంప్యూటర్ ఫ్యాను ఒకటి బిగించాను. ఆ ఫ్యానే మళ్ళీ రెండు డీబీల గోల చేసింది! దాన్ని ట్రాన్స్‌మిట్ రిలేకి కలిపాను. పంపేటప్పుడే తిరుగుతుంది, వినేటప్పుడు ఆగిపోతుంది.

డిసెంబరు 1, ఆదివారం

రాత్రి డబ్ల్యూఎస్‌పీఆర్ నడిపాను. ఇది కలుసుకోవడానికి కాదు, ఎంత తక్కువ పవర్ ఎంత దూరం పోతుందో తెలుసుకోవడానికి. రెండు నిమిషాల వంతు, అందులో 110.6 సెకన్ల పాట, వెడల్పు 6 హెర్ట్జ్ మాత్రమే. కాల్‌సైన్, గ్రిడ్, పవర్, అంతే పంపుతుంది. 200 మిల్లీవాట్లు పెట్టి పడుకున్నాను, టార్చిలైటు బల్బు కూడా సరిగ్గా వెలగనంత. ట్రాన్స్‌మిట్ వంతులు అయిదింట ఒకటి.

పొద్దున చూస్తే పశ్చిమ ఆస్ట్రేలియాలో, ఇటలీలో విన్నారు. డ్రిఫ్ట్ గడిలో మాత్రం మైనస్ 2 అని కనబడింది, అంటే నిమిషానికి రెండు హెర్ట్జ్‌లు నా ఫ్రీక్వెన్సీ జారుతోంది. ట్రాన్స్‌మిట్ వంతుల్లో లేచే ఆ ఫ్యాను గాలే కారణం, ఫ్రీక్వెన్సీని నిలబెట్టే క్రిస్టల్‌కి సూటిగా తగులుతోంది. అట్టముక్క ఒకటి అడ్డం పెడితే సున్నా అయింది.

డిసెంబరు 15, ఆదివారం

నాలుగున్నరకే లేచాను. రేపటి నుంచి ధనుర్మాసం, గుడి మైకు మొదలైతే ఈ నిశ్శబ్దం నెలరోజులు దొరకదు. రేడియోకి మైకు అడ్డం కాదు కానీ, ఈ టైములో ఊరంతా నిద్రపోతుంటే కరెంటు గోల కూడా తగ్గి గీత 31 దగ్గర ఉంటుంది. ఇంతవరకూ నేను చూసినవాటిలో ఇదే తక్కువ.

అయిదూ పదికి, వాటర్‌ఫాల్‌లో కంటికి ఏమీ కనబడని చోట ఒక డీకోడ్ వచ్చింది. సీక్యూ, బ్రెజిల్ కాల్‌సైన్, జీజీ66. సావో పాలో వైపు. సాఫ్ట్‌వేర్ దూరం చూపించింది: 14,400 కిలోమీటర్ల పైన. బలం మైనస్ 21.

పిలిచాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. వాళ్ళు ఇంకెవరికో రిపోర్టు ఇస్తున్నారు. ఆ వంతు డీకోడ్ అయింది, తర్వాతి వంతు కాలేదు, ఆపై వంతు మళ్ళీ అయింది. ఇలా ఏడు నిమిషాలు. మా అమ్మాయి దుప్పటి కప్పుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరం మాట్లాడకుండా సెకన్ల ముల్లు చూస్తున్నాం.

"నాన్నా, ఎరుపు!"

నా కాల్‌సైన్, వాళ్ళ కాల్‌సైన్, మైనస్ 18. నేను ఆర్ (అందింది) మైనస్ 22 పంపాను. తర్వాతి వంతు ఖాళీ. మళ్ళీ పంపాను. మళ్ళీ ఖాళీ. మూడోసారికి ఆర్ఆర్73 వచ్చింది, మైనస్ 22తోనే. నెలన్నర కిందటి 47 మీద ఈ సిగ్నల్ ఉన్నట్టే నాకు తెలిసేది కాదు.

లాగ్‌లో రాయబోతుంటే అమ్మాయి అడిగింది: "తేదీ తప్పు పడిందేంటి? ఇవాళ పదిహేను కదా?"

లాగ్ యూటీసీలో ఉంటుంది, మనకంటే అయిదున్నర గంటలు వెనక. మన అయిదూ ఇరవై అక్కడ నిన్న రాత్రి పదకొండూ యాభై.

"అయితే మనం నిన్నటితో మాట్లాడామన్నమాట" అని, తన నోట్‌బుక్‌లో కూడా 14 అని రాసుకుంది. దాని కింద 33 కొట్టేసి 31 వేసింది.